మట్టి మారియో, రక్తమాంసాల సైమన్

వీడియో గేముల పత్రికకు ముఖచిత్రం తయారుచేసేవాళ్లకు మొదటినుంచీ ఒక చిక్కు ఉంది. సినిమా పత్రికకు తారల ఫొటోలు ఉంటాయి. క్రికెట్ పత్రికకు సిక్సర్ కొడుతున్న ఆటగాడు ఉంటాడు. వీడియో గేముకు అలా పట్టుకోదగిన ముఖం లేదు. 1980లలో అయితే తెరమీద ఉండేవి కొన్ని రంగు చుక్కలు, అంతే. అవి కదులుతూ, బొత్తాం నొక్కిన వేలికి జవాబిస్తుంటే ఆట. కదలకుండా కాగితం మీద పడితే ఉత్త గళ్లు. అలాంటి ఆటను ఒక్క నిశ్చల చిత్రంలో, అదీ ఆ ఆట ఇంకా ఆడని పిల్లవాడికి నచ్చేలా చెప్పాలి.

ఈ చిక్కును విప్పినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లందరి పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది 1988లో అమెరికాలో వచ్చిన ‘నింటెండో పవర్’ తొలి సంచిక ముఖచిత్రం. దాని పక్కనే రెండో సంచిక ముఖచిత్రాన్ని పెట్టి చూస్తే, బొమ్మ ఎలా మాట్లాడుతుందో నేర్చుకోవడానికి అంతకుమించిన పాఠం దొరకదు. మొదటిది పిల్లల్ని ఆటలోకి పిలిచింది. రెండోది కొందరు పిల్లలకు పీడకలలు తెప్పించింది. రెండిటి మధ్యా తేడా ఎక్కడుందో వెతకడమే ఈ వ్యాసం పని.

ముందు పత్రిక సంగతి. అమెరికాలో నింటెండో కంపెనీ తన ఆటలు ఆడే పిల్లల కోసం ‘నింటెండో ఫన్ క్లబ్’ నడిపేది, దానికి ‘ఫన్ క్లబ్ న్యూస్’ అనే చిన్న వార్తాపత్రిక ఉండేది. దాన్నే పెంచి, గెయిల్ టిల్డెన్ సంపాదకత్వంలో ‘నింటెండో పవర్’గా తీర్చిదిద్దారు. తొలి సంచిక మీద 1988 జులై-ఆగస్టు అని ఉంటుంది. 36 లక్షల ప్రతులు అచ్చువేసి, క్లబ్బులో ఉన్న ప్రతి సభ్యుడికీ ఒకటి ఉచితంగా పంపారు. వాళ్లలో దాదాపు మూడోవంతు మంది వెంటనే చందా కట్టారు.

ఈ పంపకంలోనే ముఖచిత్రానికి సంబంధించిన ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. దుకాణం అరలో పక్క పత్రికలతో పోటీపడి గట్టిగా అరవాల్సిన అవసరం ఈ సంచికకు లేదు. ఇది పోస్టులో ఇంటికి వస్తుంది. చదివేది పిల్లవాడు, పోస్టుపెట్టెలోంచి తీసేది చాలాసార్లు అమ్మో నాన్నో. అంటే ఒకే బొమ్మ ఇద్దరితో రెండు మాటలు చెప్పాలి. పిల్లవాడితో ‘రా, ఆడుకుందాం’ అనాలి, పెద్దవాళ్లతో ‘ఇది పిల్లల వస్తువే, భయం లేదు’ అనాలి.

తొలి సంచిక అట్టమీద ఉన్నది క్లేతో, అంటే పిల్లలు బొమ్మలు చేసుకునే మెత్తటి రంగుల మట్టితో చేసిన మారియో. వెనక వార్ట్ అనే కప్పరాజు, ఆ ఆటలో దుర్మార్గుడు. ఈ మట్టి బొమ్మల్ని ఫొటో తీసి అట్టమీద వేశారు. ఆట ‘సూపర్ మారియో బ్రదర్స్ 2’. అమెరికాలో అది దుకాణాలకు వచ్చింది అక్టోబరులో. పత్రిక వచ్చేనాటికి క్లబ్బు పిల్లలెవరూ దాన్ని ఆడి ఉండరు. కాబట్టి ఈ ముఖచిత్రం జ్ఞాపకం కాదు, మాట ఇవ్వడం.

ఇక్కడ సంకేతశాస్త్రం సాయం తీసుకుందాం. అమెరికన్ తత్వవేత్త చార్లెస్ పియర్స్ సంకేతాలను మూడు రకాలుగా విడదీశాడు. మొదటిది పోలిక: మనిషికీ అతని బొమ్మకూ ఉండే సంబంధం. రెండోది జాడ: పొగకూ నిప్పుకూ, అడుగుకూ నడిచినవాడికీ ఉండే సంబంధం. పొగను చూసి నిప్పును ఊహించడం మన తర్కశాస్త్రంలోనూ మొదటి పాఠమే. మూడోది రూఢి: ఎర్రదీపం అంటే ఆగమని, అందరూ ఒప్పుకున్నందువల్ల మాత్రమే కుదిరిన సంబంధం. ఏ ముఖచిత్రంలోనైనా ఈ మూడూ కలిసే ఉంటాయి. దేన్ని ఎంత పాళ్లలో కలపాలో తెలియడమే కళాకారుడి నేర్పు.

మారియోనే తీసుకోండి. నింటెండో రూపకర్త షిగెరు మియమోతో అతన్ని గీసింది 1981 నాటి ‘డాంకీ కాంగ్’ కోసం. 16 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు ఉన్న గడిలో, చేతికందే రంగులు మూడే ఉన్నప్పుడు మనిషిని నిలబెట్టాలి. అంత చిన్న జాగాలో జుట్టు గీస్తే జుట్టులా కనిపించదు, కాబట్టి టోపీ పెట్టాడు. నోరు గీయడానికి చోటులేదు, కాబట్టి పెద్ద ముక్కు కింద మీసం పెట్టాడు. పరిగెత్తేటప్పుడు చేతులు ఊగడం కనబడాలంటే చొక్కాకూ పైన తొడిగినదానికీ రంగు తేడా ఉండాలి, కాబట్టి భుజాలమీదుగా పట్టీలుండే పనివాళ్ల దుస్తులు తొడిగాడు. టోపీ, మీసం, ఆ దుస్తులు, మూడూ యంత్రం పెట్టిన హద్దుల్లోంచి పుట్టినవే. కానీ 1988 నాటికి అమెరికా పిల్లలకు ఆ మీసమే మారియో. పోలిక కోసం పెట్టినది ఏడేళ్లలో రూఢి అయిపోయింది.

ఇప్పుడు అట్ట రూపకర్త ముందున్న దారులు చూడండి. తెరమీది చుక్కల మారియోను పెద్దదిచేసి అచ్చువేయవచ్చు. అది నిజాయితీ అయిన పనే గానీ, తెరమీద పిల్లవాడు చూసేది చుక్కల్ని కాదు. వాడి కళ్లకు అక్కడ గుండ్రటి, బరువున్న, గెంతే మనిషి ఉంటాడు. చుక్కల్ని పెద్దవి చేస్తే ఆ మనిషి మాయమై గళ్లే మిగులుతాయి. రెండో దారి, కార్టూన్ బొమ్మ గీయించడం. అది హాయిగా ఉంటుంది, కానీ అలాంటి బొమ్మలు ఆట పెట్టెమీదే ఉన్నాయి. మూడో దారి మట్టి. చుక్కలు దాచిన గుండ్రదనాన్ని మట్టి బయటికి తెస్తుంది. వెలుగు పడినవైపు ముక్కు మెరుస్తుంది, మీసం కింద నీడ పడుతుంది, టోపీ అంచుకు మందం వస్తుంది. పిల్లవాడు మనసులో చూస్తున్న మారియో చేత్తో పట్టుకోగలిగే వస్తువై ఎదుట నిలబడతాడు. తెరకు లేని శరీరాన్ని మట్టి ఇచ్చింది.

ఈ ఎంపికకు కాలం కూడా కలిసొచ్చింది. 1986లో విల్ విన్టన్ స్టూడియో చేసిన ‘కాలిఫోర్నియా రైజిన్స్’ ప్రకటనలో మట్టి ఎండుద్రాక్షలు పాటపాడుతూ నడిచి అమెరికా మొత్తాన్ని ఆకట్టుకున్నాయి. 1950లలో ఆర్ట్ క్లోకీ సృష్టించిన గంబీ అనే ఆకుపచ్చ మట్టి బొమ్మ 1988లోనే కొత్త కార్యక్రమంతో టీవీకి తిరిగొచ్చింది. మట్టి బొమ్మ అంటే సరదా, కదలిక, పిల్లల లోకం అన్న అర్థం అప్పటికే ఇంటింటా స్థిరపడి ఉంది. మారియో ఆ అర్థాన్ని తొడుక్కుని అట్టమీదికి వచ్చాడు. మట్టి ఫొటో నిశ్చలంగా ఉన్నా చూసేవాడి మనసులో అది కదలడానికి సిద్ధంగా ఉంటుంది, ఎందుకంటే టీవీలో మట్టి కదలడం వాడు చూశాడు. నిశ్చల చిత్రంలో కదలిక ఎలా చెప్పాలన్న చిక్కు ఇక్కడ సగం విడిపోయింది.

ఇంకో పొందిక కూడా ఉంది. ఈ ఆటలో మారియో చేసే పని నేలలోంచి కూరగాయలు పీకి శత్రువుల మీద విసరడం. చివర్లో వార్ట్‌ను ఓడించేది కూడా వాడికి అసహ్యమైన కూరగాయల్ని వాడి నోట్లోకి విసిరే. నేలలోంచి లాగడం, పీకడం, విసరడం అన్నీ చేతి స్పర్శకు చెందిన పనులు. చేత్తో పిసికి చేసిన మారియో ఆ ఆటకు అచ్చంగా సరిపోయాడు. ఇది కాకతాళీయమే కావచ్చు. అయినా మంచి పనిలో కాకతాళీయాలు కూడా ఒద్దికగా వచ్చి కూర్చుంటాయి.

ఇక బొమ్మ పక్కనున్న అక్షరాలు. ఏ బొమ్మకైనా అర్థాలు పదిరకాలుగా ఉంటాయనీ, అది ఎటో కొట్టుకుపోకుండా పక్కనున్న మాట లంగరు వేస్తుందనీ ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1964లో ఒక ఆహార ప్రకటనను పరిశీలిస్తూ రాశాడు. అంతకుముందు 1957 నాటి ‘మైథాలజీస్’లో ఆయన ‘పారీ మ్యాచ్’ పత్రిక ముఖచిత్రాన్నే ఎత్తుకుని, సెల్యూట్ చేస్తున్న నల్లజాతి యువసైనికుడి ఫొటో ఫ్రెంచి సామ్రాజ్యాన్ని ఎలా పొగుడుతోందో విప్పి చూపించాడు. వాచ్యార్థం ఒకటి, ధ్వని ఇంకొకటి. మారియో అట్టమీద ‘సూపర్ మారియో బ్రదర్స్ 2’ అన్న పేరు ఆ లంగరు పని చేస్తుంది. మారియో పాత స్నేహితుడే, వెనకున్న కప్పరాజు మాత్రం ఎవరో తెలియదు. వీడెవడన్న ప్రశ్నకు ఆ ‘2’ అన్న అంకె సమాధానం చెబుతుంది: తెలిసిన మారియోనే, కొత్త లోకంలోకి వెళ్తున్నాడు. ముందు తెలిసిన ముఖం, వెనక తెలియని ముఖం. కథ మొత్తం ఈ రెండు ముఖాల అమరికలోనే ఉంది.

ఇప్పుడు రెండో సంచిక, 1988 సెప్టెంబరు-అక్టోబరు. ఆట కొనామీ కంపెనీ వాళ్ల ‘కాసిల్‌వేనియా 2: సైమన్స్ క్వెస్ట్’. అట్టమీద ఆ ఆట వీరుడు సైమన్ బెల్మాంట్ వేషం వేసిన నిజమైన మనిషి నిలబడి ఉంటాడు. అతని చేతిలో డ్రాకులా తెగిన తల. పిల్లలు జడుసుకుంటున్నారనీ, పీడకలలు వస్తున్నాయనీ తల్లిదండ్రుల నుంచి ఫిర్యాదులు వచ్చాయి.

దీన్ని చెడ్డపని అని కొట్టిపారేయడం అన్యాయం. ఆ తల వెనకున్న ఆలోచన ఎంత చురుకైనదో చూడండి. ఆటలో సైమన్ వెతికి పోగుచేయాల్సినవి డ్రాకులా అవశేషాలు: పక్కటెముక, గుండె, కనుగుడ్డు, గోరు, వాటితోపాటు ఉంగరం. ఆ జాబితాలో తల లేదు. కానీ పక్కటెముక పట్టుకున్న మనిషిని అట్టమీద నిలబెడితే ఎవరి ఎముకో, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. తల అయితే చూడగానే డ్రాకులా. ముక్కలుగా చెదిరిన శత్రువు, వాటిని పోగుచేసే వీరుడు, రెండూ ఒక్క వస్తువులో ఇమిడిపోయాయి. పైగా తెగిన తలను ఎత్తి పట్టుకున్న వీరుడు పాశ్చాత్య కళకు బాగా పరిచయమున్న రూపం. ఫ్లారెన్స్ నగరం నడిబొడ్డున మెడూసా అనే రాక్షసి తలను పైకెత్తి నిలబడ్డ, శిల్పి చెల్లీని చేసిన కంచు పెర్సియస్ 16వ శతాబ్దం నుంచీ అదే భంగిమలో ఉన్నాడు. విజయానికి ఆ సంస్కృతి ఏనాడో కుదుర్చుకున్న రూఢి అది. పోలికా, రూఢీ రెండూ సరిగ్గా పడిన ముఖచిత్రం ఇది.

మరి తేడా ఎక్కడ? రెండు అట్టలూ ఫొటోలే. రెండిటిలోనూ వీరుడూ దుష్టుడూ ఉన్నారు. రెండూ ఇంకా అక్కడి మార్కెట్లోకి రాని ఆటలనే చూపించాయి. మారింది కెమెరా ముందున్న పదార్థం ఒక్కటే: మట్టి పోయి మనిషి వచ్చాడు. ఫొటో స్వభావం జాడ. ఎదుట ఏముందో దాని వెలుగే వచ్చి ఫిల్ముమీద అచ్చుపడుతుంది. మట్టిని ఫొటో తీస్తే ‘ఇక్కడ నిజంగా ఒక మట్టి బొమ్మ ఉండేది’ అని ఆ ఫొటో సాక్ష్యం చెబుతుంది, అంటే ఇది ఆట అని ఒట్టు వేస్తుంది. మనిషిని ఫొటో తీస్తే ‘ఇక్కడ నిజంగా ఒక మనిషి ఉండేవాడు’ అంటుంది. అతని చేతిలోని తలకు కూడా ఆ సాక్ష్యం అంటుకుంటుంది. అది తయారుచేసిన తల అని పెద్దవాళ్లకు తెలుసు. పిల్లవాడి కంటికి మాత్రం వీరుడి చెయ్యి ఎంత నిజమో ఆ తల అంత నిజం.

మన ఇళ్లలో దసరాకు పెట్టే బొమ్మల కొలువులో మహిషాసురమర్దని పాదాల కింద రాక్షసుడు శూలం దిగబడి పడి ఉంటాడు. దానిముందే కూర్చుని పిల్లలు పేరంటం శనగలు తింటారు. ఎవరికీ పీడకలలు రావు. ఆ మట్టీ రంగూ ‘ఇది బొమ్మ’ అని ముందే చెప్పేస్తాయి, ఆ మాట విన్నాకే పిల్లలు కథలోకి వెళ్తారు. విషయం ఎంత భయంకరమైనదైనా, పదార్థం భరోసా ఇస్తుంది.

భాషాశాస్త్రవేత్తలు ఒక పద్ధతి వాడతారు. వాక్యంలో ఒక్క ధ్వనినో, ఒక్క పదాన్నో మార్చి, మిగతాదంతా అలాగే ఉంచి, అర్థం మారిందా లేదా అని చూస్తారు. మారితే ఆ ముక్క అర్థాన్ని మోస్తున్నట్టు, మారకపోతే అది అలంకారం. డెన్మార్క్ పండితుడు యెల్మ్‌స్లేవ్ దీనికి శాస్త్రరూపం ఇచ్చాడు. రెండు నెలల తేడాతో వచ్చిన ఈ రెండు ముఖచిత్రాలు ఆ పరీక్షను ఎవరూ అనుకోకుండానే లక్షల ఇళ్లలో జరిపాయి. అట్టమీద అర్థాన్ని మోసే ముక్కల్లో పదార్థమే అన్నిటికన్నా ముందు మాట్లాడుతుందని తేల్చాయి.

ఇదే చిక్కుకు వేరే దేశాల్లో వేరే జవాబులు దొరికాయి. ఇంగ్లండ్‌లోని లడ్‌లో అనే చిన్న పట్టణం నుంచి న్యూస్‌ఫీల్డ్ సంస్థ 1984లో ‘క్రాష్’, 1985లో ‘జాప్!64’ పత్రికలు మొదలుపెట్టింది. వాటి అట్టలు వేసినవాడు 1948లో జ్యూరిక్‌లో పుట్టిన ఆలివర్ ఫ్రే. 1978 నాటి ‘సూపర్‌మ్యాన్’ సినిమా మొదట్లో తిరిగే కామిక్ పుస్తకం పేజీల బొమ్మలు ఆయనవే. ‘క్రాష్’ పాఠకులు ఆడేది జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే కంప్యూటర్ మీద. దాని తెర 256 చుక్కల వెడల్పు, 192 చుక్కల ఎత్తు. 8 చుక్కలకు 8 చుక్కల ప్రతి గడిలోనూ రెండే రంగులు పట్టేవి. రెండు బొమ్మలు దగ్గరికొస్తే ఒకదాని రంగు ఇంకొకదానికి పూసుకుపోయేది. ఫ్రే ఆ తెరను అసలు పట్టించుకోలేదు. ఆడేవాడు ఊహించుకుంటున్నదాన్ని చిత్రించాడు: బిగిసిన కండలు, తెరుచుకున్న కోరలు, నిప్పులాంటి వెలుగు. ఆయన బొమ్మకు పోలిక తెరతో కాదు, పిల్లవాడి ఊహతో. అందుకే ఆ అట్టలు చూసిన తరం వాటిని ఇప్పటికీ ప్రేమగా తలుచుకుంటుంది. అక్కడా పదార్థమే ముందు మాట్లాడింది. చిత్రలేఖనం ‘ఇది ఊహ’ అని ముందే ఒప్పుకుంటుంది కాబట్టి రాక్షసి ఎంత భీకరంగా ఉన్నా చెల్లుతుంది.

జపాన్‌లో 1986లో మొదలైన ‘ఫామిత్సు’ది ఇంకో దారి. దాని అట్టమీద తరచుగా సుసుము మత్సుషిత గీసిన నెక్కీ అనే నక్క ఉండేది. ఆట మారినప్పుడల్లా నక్క వేషం మారేది. వాక్యంలో కర్త ఒక్కడే ఉండి, మిగతా పదాలు మారుతుంటే ఎలా ఉంటుందో అలా. నక్క ఉంది కాబట్టి ఇది ‘ఫామిత్సు’, వేషం ఉంది కాబట్టి ఇది ఈ ఆట. పత్రిక గుర్తింపూ సంచిక విషయమూ రెండూ ఒకే దేహం మీద కూర్చున్నాయి. దుకాణంలో ఎడంగా నిలబడి చూసినా ఏ పత్రికో తెలిసిపోతుంది, దగ్గరికొస్తే ఏ ఆటో తెలుస్తుంది. ఇంత పొదుపైన అమరిక ముఖచిత్రాల చరిత్రలో అరుదు.

ఇప్పుడు గేముల పత్రికకో, వెబ్‌సైట్‌కో, ఒక ఆట పరిచయానికో ముఖచిత్రం చేయాలనుకునే మన కుర్రకారుకు ఈ పనుల నుంచి అందే పద్ధతి స్పష్టంగానే ఉంది. ముందు అట్ట చెప్పాల్సిన మాటను ఒక్క వాక్యంలో రాసుకోవాలి. ‘ఇది సరదా ఆట’ అనా, ‘ఇది భయపెట్టే ఆట’ అనా, ‘మీకు తెలిసినవాడే కొత్తచోటికి వెళ్తున్నాడు’ అనా? తర్వాత వీరుడి ముఖం, వెనక దృశ్యం, అక్షరాల ఆకారం, రంగు, పదార్థం, ఒక్కొక్కటీ విడిగా తీసి, దాని చోట ఇంకొకటి పెట్టి చూడాలి. అర్థం చెదిరితే ఆ ముక్క ప్రాణం, ఉంచాలి. చెదరకపోతే అది బరువు, తీసేయాలి. ఈ రోజుల్లో ఆటల్లోని మనుషులు ఫొటో అనిపించేంత నిజంగా వస్తున్నారు, తెరలోంచి తీసిన దృశ్యాన్నే నేరుగా అట్టమీద వేసే వీలుంది. అంతమాత్రాన పదార్థం ప్రశ్న తీరిపోలేదు. నిజమనిపించే బొమ్మ ఏ ఒట్టు వేస్తోంది, ఎవరి ముందు వేస్తోంది అన్న లెక్క ఇప్పుడు ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

‘నింటెండో పవర్’ 2012 డిసెంబరు సంచికతో ఆగిపోయింది. ఆ చివరి ముఖచిత్రంలో మళ్లీ మట్టి మారియోనే వేసి తొలి సంచికకు నమస్కారం పెట్టారు. 1988లో ‘ఇది ఆట, రా’ అన్న అదే మట్టి, 2012లో ‘మనం కలిసి ఆడుకున్నాం’ అంది. పదార్థం మారలేదు, చూసే కళ్లు పెద్దవయ్యాయి. కొత్తదాన్ని పరిచయం చేసిన సంకేతం ఇరవై నాలుగేళ్లకు ఒక తరం ఉమ్మడి జ్ఞాపకానికి రూఢి అయింది. ఏ అట్టకైనా అంతటి ఆయుష్షు ఊరికే రాదు. ఇంకా ఆట ఆడని పిల్లవాడి కన్ను ఏం నమ్ముతుందో, తలుపు దగ్గర నిలబడ్డ అమ్మ కన్ను దేనికి ఒప్పుకుంటుందో, రెండూ తూచి ఎంచుకున్న పదార్థం వల్లే ఆ ముఖచిత్రం నిలిచింది.